జాంగో డాక్యుమెంటేషన్ రివ్యూ: 2016 నుంచి రోజూ వాడుతున్నవాడి మాట

మొన్న ఆదివారం పొద్దున్నే ఒంగోలు నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడియోలో ఉన్నది ఉన్నట్టే కొట్టాను, కామా కూడా వదల్లేదు, అయినా ఎర్రర్ వస్తోంది" అంటూ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టింది. చూస్తే టైప్ ఎర్రర్, ఫారిన్ కీకి (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌కి ముడిపెట్టేది) ఆన్ డిలీట్ (అవతలిది తీసేస్తే ఇవతలిదాన్ని ఏం చెయ్యాలో చెప్పేది) ఇవ్వలేదు అని. చూడగానే నాకు తెలిసిపోయింది అది పాత వీడియో అని, ఎందుకంటే 2017 డిసెంబర్‌లో జాంగో 2.0 వచ్చినప్పటి నుంచి ఫారిన్ కీ రాస్తే ఆన్ డిలీట్ తప్పకుండా ఇవ్వాలి, అంతకుముందు ఇవ్వకపోయినా నడిచేది. ఇందులో పిల్ల తప్పేం లేదు, వీడియో చేసినాయన తప్పూ లేదు, ఆయన చేసిన రోజుకి అది కరెక్టే. "ఆ వీడియో ఆపెయ్యి తల్లీ, జాంగో వాళ్ళ సొంత డాక్స్ ఉన్నాయి, ట్యుటోరియల్ పార్ట్ 1 నుంచి మొదలుపెట్టు" అని లింక్ పంపించా. పంపించాక కూర్చుని ఆలోచిస్తే, 2016 నుంచి నాకు అన్నం పెడుతున్నది ఈ డాక్సే, హోటల్ బిర్యానీకి కూడా రివ్యూ రాశాను గానీ దీనికి ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఇది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. జాంగో అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళో ఒక పేపర్ ఆఫీసులో, లారెన్స్ జర్నల్ వరల్డ్ అని, అక్కడ ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు తమ పని కోసం మొదలుపెట్టింది, 2005 జులైలో అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. పేరేమో జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. దాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ మొత్తం కమ్యూనిటీ రాసేదే, డబ్బులు లేవు, లాగిన్ లేదు, మధ్యలో యాడ్స్ రావు. నేను రివ్యూ చేస్తున్నది ఫ్రేమ్‌వర్క్‌ని కాదు, ఈ డాక్స్‌ని, అందులోనూ ముఖ్యంగా దాన్ని సర్దిన పద్ధతిని.

నేను మొదట నేర్చుకున్నది అమీర్‌పేటలో. ఏ ఇన్‌స్టిట్యూట్ అనేది అనవసరం. ఫీజు కట్టగానే స్పైరల్ బైండింగ్ జిరాక్స్ నోట్స్ చేతిలో పెట్టారు, అందులో డేటాబేస్ టేబుల్స్ కోసం సింక్ డీబీ అనే కమాండ్ కొట్టమని ఉంది. కొడితే అలాంటి కమాండే లేదు పొమ్మంది. సార్‌ని అడిగితే "నోట్స్‌లో ఉన్న వెర్షనే ఇన్‌స్టాల్ చేసుకో" అన్నారు. రెండు వారాలు అలాగే పాత వెర్షన్ మీద తిరిగాను. తర్వాత పక్క బెంచీ కుర్రాడు డాక్స్‌లో రిలీజ్ నోట్స్ పేజీ తీసి చూపించాడు, 1.7లోనే మైగ్రేషన్స్ (కోడ్‌లో చేసిన మార్పుల్ని డేటాబేస్ టేబుల్స్‌లోకి చేర్చే పద్ధతి) వచ్చాయి, 1.9లో సింక్ డీబీని పూర్తిగా తీసేశారు అని స్పష్టంగా రాసుంది. రెండు వారాలు కష్టపడ్డదానికి జవాబు ఒక్క లైన్‌లో, అదీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆ రోజు నుంచి నోట్స్ పక్కన పెట్టేశా.

ఇక అసలు విషయం, సర్దుడు. జాంగో డాక్స్ ఓపెన్ చేస్తే మొదటి పేజీలోనే చెప్తారు, ఇక్కడ నాలుగు రకాల పేజీలున్నాయి అని: ట్యుటోరియల్స్, టాపిక్ గైడ్స్, రిఫరెన్స్ గైడ్స్, హౌ-టు గైడ్స్. వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది గానీ చాలా ప్రాజెక్టుల డాక్స్ చదవలేక మూసేసేది ఈ నాలుగూ కలిపి ఒకే పేజీలో కుక్కేయడం వల్లే. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. ఒంగోలు బస్సు ఏ ప్లాట్‌ఫాం అని అడిగినవాడికి నంబర్ చెప్తే చాలు, పరిగెడతాడు. మొదటిసారి ఒంటరిగా ప్రయాణం చేసే పెద్దావిడకి నంబర్ సరిపోదు, వెంట వెళ్ళి బస్సెక్కించి కండక్టర్‌కి చెప్పి రావాలి. ఏ బస్సు ఎన్నింటికి అని చూసుకునేవాడికి గోడ మీద టైంటేబుల్ బోర్డు ఉంటే ఎవరితోనూ పని లేదు. ఇక విజయవాడ మీంచి కాకుండా నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా ఎందుకు పోతుంది అని అడిగేవాడు ఒకడుంటాడు, వాడికి తీరిగ్గా కూర్చుని వివరం చెప్పాలి. పరిగెత్తేవాడికి వివరం మొదలుపెట్టినా, పెద్దావిడకి బోర్డు చూపించినా పని చెడిపోతుంది. ప్లాట్‌ఫాం నంబర్ హౌ-టు, వెంట వెళ్ళి బస్సెక్కించడం ట్యుటోరియల్, గోడ మీద బోర్డు రిఫరెన్స్, తీరిగ్గా చెప్పే వివరం టాపిక్ గైడ్. అడిగిన ఊరు అందరిదీ ఒకటే, అడిగే మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నదే తేడా.

జాంగో వాళ్ళు ఇది 2008లోనే పట్టుకున్నారు. 1.0 రిలీజ్‌కి ముందు డాక్స్ అంతా తిరగరాసి స్ఫింక్స్ అనే టూల్‌లోకి మార్చినప్పుడు ఇంట్రో, టాపిక్స్, హౌటు, రెఫ్ అని ఫోల్డర్లు పెట్టారు, ఇప్పటికీ అవే ఫోల్డర్లు, వెబ్ అడ్రస్‌లో కూడా అవే పేర్లు కనిపిస్తాయి. తర్వాత జాంగో కమ్యూనిటీలో మనిషే, డానియెలే ప్రోచిదా అని, ఈ నాలుగు భాగాల ఆలోచనకి ఒక పద్ధతి కట్టి డయాటాక్సిస్ అని పేరు పెట్టాడు, ఇప్పుడు ఉబుంటు డాక్స్ కూడా ఆ పద్ధతిలోనే సర్దుతున్నారు.

నాలుగింట్లో నాకు ప్రాణం ట్యుటోరియల్. ఎనిమిది పార్టులు, మొత్తం ఒకే ఒక చిన్న పోల్స్ యాప్, ప్రశ్న ఒకటి, దానికి ఆప్షన్లు, ఓటు వెయ్యడం, అంతే. కానీ ఎంత జాగ్రత్తగా కట్టారో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. పార్ట్ 2లో మోడల్ (డేటాబేస్ టేబుల్ ఎలా ఉండాలో చెప్పే కోడ్) రాయించి, షెల్‌లో (ఒక్కో లైన్ కొట్టి చూసుకునే చోట) ఒక ప్రశ్న సేవ్ చేయించి, అన్ని ప్రశ్నలూ చూపించు అని అడిగిస్తారు. అప్పుడు స్క్రీన్ మీద ప్రశ్న రాదు, "క్వశ్చన్ ఆబ్జెక్ట్ 1" అని పనికిరాని ముక్క వస్తుంది. కావాలనే రానిస్తారు. వచ్చాక, ఇది చూస్తే మనకేం అర్థం కావట్లేదు కదా, సరిచేద్దాం అని మోడల్‌లో ఎస్‌టీఆర్ మెథడ్ (దాన్ని మాటల్లో ఎలా చూపించాలో చెప్పేది) పెట్టిస్తారు, మళ్ళీ అడిగితే ఈసారి ప్రశ్న ప్రశ్నలాగా కనిపిస్తుంది. ఆ మెథడ్ ఎందుకు అనేది జన్మలో మర్చిపోరు. మొదటే పెట్టించేసి ఉంటే మనం కాపీ కొట్టేసి ముందుకెళ్ళేవాళ్ళం.

పార్ట్ 5 ఇంకా నచ్చుతుంది నాకు, టెస్టింగ్ గురించి, అంటే మన కోడ్ సరిగ్గా నడుస్తుందా అని ఇంకో కోడ్ రాసి చూసుకోవడం. పార్ట్ 2లో మనతో రాయించిన ఒక ఫంక్షన్‌లో బగ్ ఉందని అప్పుడు చెప్తారు, ఈ మధ్య పబ్లిష్ అయిందా అని చూసే ఫంక్షన్, నెల తర్వాత తేదీ ఇచ్చినా అవును అంటుంది. మూడు పార్టుల పాటు ఆ బగ్ మన కోడ్‌లో కూర్చునే ఉంది, మనం చూడలేదు. టెస్ట్ రాస్తే దొరుకుతుంది. టెస్ట్‌లు ఎందుకు రాయాలి అని నాకు మూడు కంపెనీల్లో మూడు ప్రెజెంటేషన్లు ఇచ్చారు, ఈ ఒక్క పేజీ చేసిన పని అవేవీ చెయ్యలేదు. ఇంకోటి గమనించండి, ట్యుటోరియల్‌లో ఎక్కడా దారి మళ్ళించరు, డేటాబేస్ కూడా ఎస్‌క్యూలైట్‌తో కానిచ్చేస్తారు, వేరే డేటాబేస్ సంగతి ఇంకో పేజీకి లింక్ ఇచ్చి వదిలేస్తారు. నేర్చుకునేవాడికి పది ఆప్షన్లు ఇవ్వకూడదు, ఒక్క దారి చూపించి గమ్యం చేర్చాలి.

హౌ-టు గైడ్స్ విలువ నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. మొదటిసారి సొంతంగా ఒక క్లయింట్ సైట్ లైవ్‌లో పెడుతున్నా, రాత్రి పదకొండు దాటింది, డీబగ్ (తప్పుల్ని వివరంగా చూపించే సెట్టింగ్) ఫాల్స్ చేశానో లేదో బ్యాడ్ రిక్వెస్ట్ 400 అని ఎర్రర్. సరే అలౌడ్ హోస్ట్స్ అనే సెట్టింగ్‌లో డొమైన్ పేరు పెట్టాలని దొరికింది, పెట్టా, సైట్ వచ్చింది గానీ అడ్మిన్ పేజీకి సీఎస్ఎస్ (పేజీ రంగులు, రూపం చెప్పే ఫైల్) మొత్తం పోయింది, తెల్ల కాగితం మీద నీలం లింకులు. పొద్దున తొమ్మిదింటికి డెమో. ఆ టైంలో నాకు స్టాటిక్ ఫైల్స్ (సీఎస్ఎస్, బొమ్మల లాంటివి) అంటే ఏంటి అనే పాఠం వద్దు, ఏం చెయ్యాలో చెప్పు చాలు. హౌ-టులో స్టాటిక్ ఫైల్స్ డిప్లాయ్ చెయ్యడం ఎలా అనే పేజీ దొరికింది, చిన్న పేజీ, ఆ ఫైల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి చేర్చే కలెక్ట్ స్టాటిక్ కమాండ్ నడిపి, ఆ ఫోల్డర్‌ని వెబ్ సర్వర్‌కి చూపించు అని. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డీబగ్ ఆఫ్ చేస్తే డెవలప్‌మెంట్ సర్వర్ స్టాటిక్ ఫైల్స్ ఇవ్వడం ఎందుకు ఆపేస్తుంది అనేది మర్నాడు తీరిగ్గా చదువుకున్నా. అక్కడే డిప్లాయ్‌మెంట్ చెక్‌లిస్ట్ కూడా ఉంటుంది, చెక్ కమాండ్‌కి డిప్లాయ్ ఆప్షన్ తగిలించి నడిపితే సెక్యూరిటీ సెట్టింగుల్లో ఏం మర్చిపోయామో అదే చెప్తుంది. సైట్ లైవ్‌లో పెట్టేముందు ఇప్పటికీ ఆ పేజీ తెరుస్తాను.

రిఫరెన్స్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, డిక్షనరీలా ఉంటుంది, ఉండాల్సింది కూడా అలాగే. క్వెరీసెట్ (డేటాబేస్ నుంచి కావాల్సింది అడిగి తెచ్చుకునేది) పేజీ మాత్రం చాలా పొడుగు, మొబైల్‌లో స్క్రోల్ చేస్తూ ఉంటే వేలు నొప్పెడుతుంది. కంప్యూటర్‌లో కంట్రోల్ ఎఫ్ ఉంది కాబట్టి సరిపోయింది.

వెర్షన్ సంగతి వేరే చెప్పాలి, మా చెల్లి గొడవ అక్కడే కదా మొదలైంది. జాంగో డాక్స్‌లో ప్రతి వెర్షన్‌కీ వేరే కాపీ ఉంటుంది, పేజీ కింద మూలన వెర్షన్ మార్చే బటన్ ఉంటుంది, నొక్కితే వేరే వెర్షన్‌లో అదే పేజీకి తీసుకెళ్తుంది, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. గూగుల్ మనల్ని ఏ 1.11 పేజీ మీదో పడేసిందనుకోండి, పైన పెద్ద హెచ్చరిక పట్టీ కనిపిస్తుంది, ఇది సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్, సురక్షితం కాదు, కొత్తదానికి మారండి అని. కొత్తగా వచ్చిన ఫీచర్ అయితే ఏ వెర్షన్‌లో వచ్చిందో పక్కనే రాసుంటుంది. అమీర్‌పేట జిరాక్స్ నోట్స్‌లో గానీ, ఆ వీడియోలో గానీ లేనిది ఇదొక్కటే, ఈ మాట ఏ రోజుకి నిజం అనేది. డాక్స్ ఎంత బాగా రాసినా అది లేకపోతే కొన్నాళ్ళకి మనిషిని తప్పుదారి పట్టిస్తుంది.

ఇది ఇన్నేళ్ళు ఇంత శుభ్రంగా ఎలా ఉందంటే, డాక్స్ కూడా కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంటాయి. కొత్త ఫీచర్ పంపేవాళ్ళు కోడ్‌తో పాటు టెస్టులూ డాక్స్ మార్పులూ పంపాలి, లేకపోతే తీసుకోరు. ముందు ఫీచర్ పెట్టేద్దాం డాక్స్ తర్వాత చూద్దాం అనే మాట అక్కడ చెల్లదు, మన ఆఫీసుల్లో ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందో మనందరికీ తెలుసు. డాక్స్ రాసేవాళ్ళకి ఒక గైడ్ ఉంది, అందులో ఒక రూల్ చదివి నాకు నిజంగా మనసు కదిలింది: ఒక పని కష్టాన్ని తక్కువ చేసి చూపించే మాటలు వాడొద్దు, ఈజీగా, సింపుల్‌గా, జస్ట్, ఇలాంటివి. రెండు వారాలు సింక్ డీబీతో కొట్టుకున్న రోజుల్లో "సింపుల్‌గా ఈ కమాండ్ కొట్టండి" అని చదివిన ప్రతిసారీ నేనే తెలివితక్కువవాణ్ణేమో అనుకున్నా. అది రాకపోతే తప్పు నాది అనిపించే మాట అది. ఆ బాధ తెలిసినవాళ్ళు రాసిన రూల్ ఇది.

సరే, నచ్చనివి. మొదటిది క్లాస్ బేస్డ్ వ్యూస్, అంటే పేజీ అడిగితే ఏం పంపాలో చెప్పే కోడ్‌ని క్లాసులుగా రాసే పద్ధతి. టాపిక్ గైడ్‌లో కొంత, రిఫరెన్స్‌లో కొంత, మిక్సిన్ల (వేరే క్లాసుల్లో కలుపుకునే చిన్న క్లాసులు) పేజీల్లో కొంత. జాబితా చూపించే లిస్ట్ వ్యూలో ఏ మెథడ్ ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే అమ్మమ్మ తరం దాకా లింకులు పట్టుకుని వెళ్ళాలి. అన్నీ ఒకచోట చూపించే ఇండెక్స్ పేజీ పెట్టారు గానీ అది చాలదు, అందుకే క్లాసీ క్లాస్ బేస్డ్ వ్యూస్ అని బయటివాళ్ళు ఒక సైట్ చేసి పెట్టారు, జాంగో వాడే చాలామంది ఈ విషయంలో డాక్స్ వదిలేసి అక్కడికే పోతారు, నేనూ అంతే. కమ్యూనిటీ మనుషులే చేసిన సైట్ కాబట్టి కోపం లేదు, కానీ అది అధికారిక డాక్స్‌లో ఉండాల్సిన పని.

రెండోది, ఒకే విషయం టాపిక్‌లో ఉందా రిఫరెన్స్‌లో ఉందా అని కొత్తవాళ్ళకి తెలియదు. మోడల్ ఫీల్డ్స్ గురించి టాపిక్ గైడ్‌లోనూ ఉంటుంది, రిఫరెన్స్‌లోనూ ఉంటుంది, ఖాళీగా వదలొచ్చా అని చెప్పే నల్, బ్లాంక్ ఆప్షన్ల తేడా రెండుచోట్లా చెప్తారు. అలవాటైనవాళ్ళకి ఇబ్బంది లేదు, ఒకటి అర్థం చేసుకోడానికి, ఒకటి వెతుక్కోడానికి. కానీ సర్చ్‌లో నుంచి నేరుగా పేజీ మధ్యలో పడిన మనిషికి తను ఏ గదిలో ఉన్నాడో తెలియాలి కదా. ఫిల్టర్ అని వెతికితే పేజీలో చూపించేదాన్ని మార్చే టెంప్లేట్ ఫిల్టరూ వస్తుంది, డేటాబేస్‌లో వడకట్టే క్వెరీ ఫిల్టరూ వస్తుంది, ఏది కావాలో ముందే తెలిసినవాడికే దారి దొరుకుతుంది. సర్చ్‌కి నేను అయిదుకి మూడు కంటే ఇవ్వలేను. ట్యుటోరియల్‌కి మాత్రం అయిదుకి అయిదు, ఇంకో ఆలోచన లేదు.

ఈ పద్ధతి చూసి మా టీమ్ వికీని కూడా ఇలా సర్దుదామని ఉత్సాహంగా నాలుగు ఫోల్డర్లు పెట్టేశాం, ఉన్న పేజీలన్నీ వాటిల్లోకి తోసేశాం. ఆరు నెలలైనా రెండు ఫోల్డర్లు ఖాళీ, మిగతా రెండింట్లో పాత గందరగోళమే కొత్త పేర్లతో. తర్వాత అర్థమైంది, ముందు ఖాళీ అరలు కట్టుకుని కూర్చోకూడదు, ఉన్న ఒక పేజీ తీసుకుని ఇది చదివేవాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు, నేర్చుకుంటున్నాడా పని మీద ఉన్నాడా అని అడిగి, ఆ ఒక్క పేజీని బాగుచెయ్యాలి. డేటాబేస్ బ్యాకప్ పేజీతో మొదలుపెట్టాం. అందులో పైన రెండు పేరాలు బ్యాకప్ ఎందుకు ముఖ్యం అని ఉండేది, కమాండ్ ఎక్కడో కింద. ఇప్పుడు కమాండ్లు మాత్రమే ఒక పేజీలో, ఎందుకు అనేది వేరే పేజీలో. నైట్ షిఫ్ట్ కుర్రాళ్ళు ఆ పేజీ చూసి ఫోన్ చెయ్యకుండానే పని కానిస్తున్నారు. అలా ఒక్కోటి చేసుకుంటూ పోతున్నాం.

చివరి కంప్లయింట్ భాష. డాక్స్ ఫ్రెంచ్‌లో ఉన్నాయి, జపనీస్, కొరియన్, ఇండోనేషియన్‌లో ఉన్నాయి, తెలుగే కాదు మన దేశపు భాష ఏదీ కనబడదు. జాంగో సాఫ్ట్‌వేర్‌లో మాత్రం తెలుగు ఉంది, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కోడ్ టీఈ అని పెడితే అడ్మిన్ తెలుగులో కనిపిస్తుంది, అంటే ఎవరో మనవాళ్ళు కూర్చుని అనువాదం చేశారు, పూర్తి కాలేదు, సగం మాటలు ఇంకా ఇంగ్లీషే. వాళ్ళెవరో గానీ వాళ్ళకి దండం. మా చెల్లి తెలుగు మీడియం, డిగ్రీ కంప్యూటర్స్ చేసింది, కోడ్ చూస్తే భయం లేదు, మూడు లైన్ల ఇంగ్లీష్ పేరా చూస్తే మాత్రం ఆగిపోతుంది. ఒంగోల్లో అలాంటి పిల్లలు ఆ ఒక్కతే కాదు.

లింక్ పంపిన ఆదివారమే పార్ట్ 2 దాకా వచ్చి, క్వశ్చన్ ఆబ్జెక్ట్ 1 అని వచ్చింది అన్నయ్యా ఇది కూడా ఎర్రరేనా అని మెసేజ్ పెట్టింది. కింద ఇంకో పేరా చదువు అన్నా. పది నిమిషాలకి తన ప్రశ్న కనిపించిన స్క్రీన్‌షాట్ పంపింది, "నేడు ఒంగోలులో వాన పడుతుందా" అని తెలుగులో పెట్టుకుంది ప్రశ్న. అప్పటి నుంచి ఇద్దరం కలిసి రాత్రి పూట ట్యుటోరియల్‌ని తెలుగులో రాసుకుంటున్నాం, తను చదివి ఎక్కడ ఆగితే అక్కడ నేను తిరగరాస్తాను. పార్ట్ 1 అయింది. పార్ట్ 2లో మైగ్రేషన్ దగ్గర ఆగాం, వలస అంటే తనకి పాలమూరు కూలీలు గుర్తొస్తున్నారట, మైగ్రేషన్ అనే ఉంచేద్దాం అంది, ఉంచేశాం.